బియ్యపుగింజంత

సంచి అటక మీంచి దించి దులిపాను. ఖాకీ గుడ్డ సంచి. దాని జిప్పు సగంలో పట్టేస్తుంది, అక్కడ సబ్బుముక్క రుద్దితే కదులుతుంది. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, లుంగీ, తువ్వాలు, గడ్డం సామాను, తలనొప్పి మాత్రలు పెట్టాను.

"రెండు రోజుల పనికి అన్ని బట్టలెందుకే?" అన్నారు మా ఆయన, గుమ్మానికి ఆనుకుని.

"బయట వాన చూశారా? ఒక జత తడిస్తే ఇంకో జత ఉండొద్దూ?"

"సరే పెట్టు. ఆ వెర్నియరు కూడా పెట్టు."

వెర్నియరంటే సన్నటి కొలతలు తీసే ఉక్కు పనిముట్టు. ఆయన జేబులో నా ఫొటో ఎన్నడూ లేదు గానీ, పనిలో చేరిన ఇరవై ఆరేళ్ళుగా అది ఉండేది. పాత చీరముక్కలో చుట్టి చొక్కాల మధ్య పెట్టాను.

"చిన్న గ్రైండరు కూడా."

"గ్రైండరెందుకండీ? కొనుక్కురావడానికేగా వెళ్తున్నారు?"

"ఉండనీవే. అక్కడే ఒకసారి సరిచూసుకుంటే పోతుంది."

ఇనుము అరగదీసే ఆ గ్రైండరు కూడా పెట్టాను. ఆయన అటు తిరిగాక, ఇంటి రెండో తాళంచెవి సంచి అడుగున వేశాను. నాకున్న పిచ్చి అది. మా అమ్మ ఆసుపత్రికని వెళ్ళి రాలేదు. నాన్న పనుందని వెళ్ళి రాలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లోంచి ఎవరు సంచి పట్టుకుని బయల్దేరినా అందులో ఈ ఇంటి వస్తువేదో ఒకటి వేస్తాను, అది తిరిగి ఇవ్వడానికైనా వస్తారని. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఆ సంచి అటక దిగడానికి కారణం నేనే. అదెలాగో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి, వానలు మొదలైన వారానికి వెళ్ళాలి.

*

ఆ వారం మా తమ్ముడు ఒక కారుని తాడు కట్టి లాగించుకొచ్చాడు.

వాడు నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. అమ్మ పోయాక నా దగ్గరే పెరిగాడు. మాకు పిల్లల్లేరు, ఆ లోటు తెలియకుండా అల్లరంతా వాడే చేశాడు. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు, రొట్టెల వ్యాను నడుపుతున్నాడు. వాడు తెచ్చిన రొట్టెలు ఇంకా పొగలు కక్కుతూనే ఉంటాయని దుకాణాలవాళ్ళు మెచ్చుకునేవారు. వింటే వాడు వ్యాను ఎంత జోరుగా తోలుతున్నాడో నాకు తెలిసిపోయేది.

"ఏంట్రా ఇది?"

"కారక్కా."

"అది కనబడుతూనే ఉంది. దూడని తోలుకొచ్చినట్టు తాడు కట్టి తెచ్చావేం?"

"ఇంజను బిగుసుకుపోయింది. బావ ఉన్నాడుగా!"

వాళ్ళ బావ పంపుల ఫ్యాక్టరీలో లేతు మీద పని చేసేవారు. నీళ్ళ పంపుల్లో తిరిగే ఇనప కడ్డీలు కోసేవారు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క పక్కన పడేస్తారని అక్కడ ఆయన్ని 'వెంట్రుకవాసి' అనే పిలిచేవారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, టిఫిను డబ్బా నా చేతికిచ్చి, ఆ కారు ముందు మూత ఎత్తి చూశారు.

"ఒరే బామ్మర్దీ, నిన్నెవడో ముంచాడ్రా. ఇంజను కొట్టేసి దాని జాగాలో కుక్కరు పెట్టాడు."

"అదే ఇంజను బావా. రోటరీ. దీన్లో పిస్టన్లుండవు. మూడు మూలల రోటర్లు రెండు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి."

"పైకీ కిందకీ పోదా?"

"పోదు. ఆగడమంటూ లేదు దానికి."

ఆయన మూత దించలేదు. తలకాయ లోపల పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. వీపు మీద చినుకులు పడుతున్నా కదల్లేదు.

అన్నం తినేటప్పుడు తమ్ముడు అసలు సంగతి బయటపెట్టాడు. సెప్టెంబరు రెండో ఆదివారం కొండ రోడ్డు మీద పందెం. ఒక్కో కారునీ ఒంటరిగా వదులుతారు. కింద నుంచి పైదాకా ఎవరు తక్కువ టైములో చేరితే వాళ్ళు గెలిచినట్టు. పద్నాలుగు మలుపులు.

ఆ రోడ్డు మీద నేను ఒకేసారి వెళ్ళాను, బస్సులో, కళ్ళు మూసుకుని.

"ఒక పక్కంతా కొండే కదక్కా, భయమెందుకు?"

"రెండో పక్కో?"

"రెండో పక్క నేను చూడను."

బావా బామ్మర్దులు పగలబడి నవ్వారు. నేను లేచి మజ్జిగ తేవడానికి వెళ్ళాను, కళ్ళు తుడుచుకోవడానికి. ఆ వానాకాలమంతా నాకున్న కోరిక ఒక్కటే. వాడు ఆ కొండ ఎక్కకూడదు. ఆరేళ్ళప్పుడు నా చేతికొచ్చినవాణ్ణి ఏ మలుపు దగ్గరో వదులుకోవడానికి పెంచలేదు. ఆయన కుదరదంటారని ఆశపడ్డాను. ఏ పనికైనా ముందు కుదరదనే అంటారు. ఆ రాత్రి మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "విప్పి చూద్దాంలే" అన్నారు.

*

నా కుట్టు మిషను వెనక గదిలోంచి హాల్లోకి వచ్చేసింది. వెనక గదిలోకి ఇంజను వెళ్ళింది.

నేను స్కూలు పిల్లల తెల్లచొక్కాలు కుట్టేదాన్ని. కాగితం మీద కొలతలు గీసి కోసుకోవడానికి పాత పేపర్లు కిలోల లెక్కన తెప్పించేదాన్ని. నాకు చదువొచ్చింది ఆ పేపర్ల వల్లే. బడికెళ్ళలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, తెలియనివి తమ్ముడి పలక చూసి పోల్చుకుంటూ నేర్చుకున్నాను. నేను చదివిన కథలన్నిటికీ చంక దగ్గర కోత ఉండేది. కథ చివర ఏ కాలరులోకో, ఏ చేతిలోకో పోయేది. పుస్తకం కొని చివరిదాకా చదవడం చాలా తర్వాత మాట.

ఆ చదువు ఆ వానాకాలం వాళ్ళకి పనికొచ్చింది. పందేలు మానేసిన ఒక పాత డ్రైవరు తమ్ముడికి తన నోటుబుక్కు ఇచ్చాడు. ఆ ఇంజను గురించి తనకి తెలిసిందంతా అందులో రాసి పెట్టుకున్నాడు, చీమలు పాకినట్టుండే రాతతో. వాళ్ళిద్దరి చేతులూ నూనె, మసి. అందుకని ముక్కాలిపీట మీద కూచుని నేను చదివేదాన్ని, వాళ్ళు చేసేవారు.

ఇంజను విప్పితే నాకు తేలిగ్గానే అర్థమైంది. రోటర్లకి అటూ ఇటూ పోత ఇనుముతో చేసిన మందపాటి పక్క ప్లేట్లు. ఆ ప్లేటులో ఒక కిటికీ లాంటి రంధ్రం. గాలీ పెట్రోలూ కలిసి అందులోంచే లోపలికి పోతాయి. పోర్టు అనేవాడు తమ్ముడు. ఆ కిటికీని పెద్దది చేస్తే ఇంజను ఎక్కువ పీల్చుకుంటుంది. ఎక్కువ పీల్చుకుంటే ఎక్కువ పరిగెత్తుతుంది. చివరి ప్లేట్లు రెండిటికీ ఆ పని చెయ్యాలి, నడిమి ప్లేటు ముట్టుకోకూడదు.

"ఎంత పెద్దది చెయ్యాలట?" అన్నారాయన.

నోటుబుక్కులో కిటికీ బొమ్మ ఉంది, అసలు కొలతకే గీసింది. దాని కింద రాసింది చదివాను. "గీత లోపలే ఆగు. గీత మీదికి కూడా రాకు. రోటరు మూలల్లో సందులు మూసే సీళ్ళు ఉంటాయి, చిటికెనవేలి గోరంత. అవి ప్లేటుని రాసుకుంటూ తిరుగుతాయి. కిటికీ ఎక్కువ తెరిస్తే వాటికి ఆనడానికి చోటుండదు. అందులోకి జారి విరుగుతాయి."

"విన్నావురా బామ్మర్దీ? గీత లోపలే."

"నాకెందుకు చెప్తావు బావా, గ్రైండరు పట్టేది నువ్వేగా."

ఆ బొమ్మని ప్లేటు మీద దించుకోవాలంటే అదే ఆకారంలో ఒక అచ్చు కావాలి. ఆయన పలచటి రేకు మీద కోసి చూశారు. వంపు దగ్గర కత్తెర మొరాయించింది. మళ్ళీ కోశారు. మళ్ళీ గంట్లు పడ్డాయి. ఇనుముతో అంత ఒద్దికగా ఉండే చెయ్యి కత్తెర పట్టేసరికి చంటిపిల్లాడి చెయ్యి అయిపోయింది.

"ఇలా తెండి," అన్నాను.

కాలరు అచ్చులకి నేను పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడతాను. మందంగా ఉంటాయి, అడుగున గీత కనబడుతుంది, ఎన్నిసార్లు వాడినా నలగవు. ఆ రోజు చేతికి దొరికింది మా అమ్మ ఛాతీ ఎక్స్‌రే. అది పారెయ్యలేక, చూడలేక బీరువా వెనక పెట్టాను. దాన్నే బొమ్మ మీద పరిచి, పెన్నుతో గీసి, నా పెద్ద కత్తెరతో ఒక్క ఊపులో కోసి ఇచ్చాను.

ఆయన కిటికీ వెలుగుకి పట్టి చూశారు. "చూశావురా? మీ అక్క ముందు నా లేతు బలాదూరు."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి ఆయన నా పని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పూటంతా నేల మీద నడవలేదు నేను.

*

మొదటి ప్లేటు ఒక ఆదివారం పట్టింది. ప్లేటుకి నీలం రంగు పూసి, నా అచ్చు దాని మీద పెట్టి, సూదితో చుట్టూ గీత గీసుకున్నారు. తర్వాత గ్రైండరు. అబ్బ, ఆ చప్పుడు! కాసేపటికి పక్కింటి వదిన గోడ మీంచి తల పెట్టింది.

"ఏమ్మా, మీ ఇంట్లో పళ్ళ డాక్టరు దిగాడా?"

"ఇనప పళ్ళు వదినా, తొందరగా ఊడట్లేదు."

"ఊడాక చెప్పు, మా ఆయన్ని పంపిస్తా. ఆయన నోరు కూడా ఒకసారి చూపించాలి."

నల్లటి ఇనప పొడి సన్నగా, పౌడరులా లేచేది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కినా హాల్లోకి వచ్చేసేది. గాల్లో చెమ్మ. కుట్టి మడతపెట్టిన తెల్లచొక్కాల మీద ఆ పొడి పడి, తెల్లారేసరికి తుప్పు చుక్కలు తేలాయి. పన్నెండు చొక్కాలు నిమ్మకాయ రుద్ది ఉతికాను. రెండు పోలేదు.

సాయంత్రానికి పని అయింది. ఆయన ప్లేటు తీసుకుని పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళారు, కడగడానికి. నేను గది ఊడ్చి, ఆ ఎక్స్‌రే అచ్చుని నా కాలరు అచ్చుల పక్కన మేకుకి తగిలిద్దామని తీశాను. కిటికీ దగ్గర అది నా చేతిలో వెలుగుకి తిరిగింది.

మా అమ్మ పక్కటెముకలు. వాటి మీద నేను పెన్నుతో గీసిన గీత. ఆ గీతకి బయట, చుట్టూ, బియ్యపుగింజ వెడల్పున ఇంకా ఫిల్ము.

ఇరవై ఏళ్ళుగా నా కత్తెర గీత మీద నడవలేదు. కుట్టుకి కాస్త వదిలి బయటే కోస్తుంది. గుడ్డ కాదని కళ్ళకి తెలుసు, చేతికి తెలియదు. 'గీత లోపలే ఆగు' అని పైకి చదివింది నేనే, గీత దాటి కోసిందీ నేనే.

చెప్పాలి. ఒక్క ప్లేటే కదా పోయింది, చెబితే రెండోదైనా దక్కుతుంది. గుమ్మం దాకా వెళ్ళాను. వరండా అవతల, ఇంజను లేని కారులో తమ్ముడు కూచుని ఉన్నాడు. స్టీరింగు తిప్పుతున్నాడు. ఎడమకి వంగాడు, కుడికి వంగాడు, మళ్ళీ ఎడమకి. పెదవులు కదులుతున్నాయి. మలుపులు లెక్కపెట్టుకుంటున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

నేను వెనక్కి వచ్చి అచ్చుని మేకుకి తగిలించాను.

మొదటి ప్లేటు నా చేతి పొరపాటు. రెండోది పొరపాటు కాదు. పై ఆదివారం ఆయన వచ్చి, "ఆ అచ్చు ఇటివ్వు" అంటే, తీసి ఇచ్చాను. ఎడమ చేతికి కోసిన ముక్కని కుడి చేతికి తిప్పుకున్నట్టు తిరగేసి పెట్టుకోవాలని కూడా నేనే చెప్పాను.

ఆ రెండు వారాల్లో ఆయన మారారు. అది చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ తమ్ముడి మీదే. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి రెండు పూటలు సెలవు పెట్టారు. పని చేస్తూ కూనిరాగం తీసేవారు. ఆయనకి పాట వచ్చని నాకు తెలియదు. ఏడాదికి సరిపడా మాటలు ఒక్క భోజనంలో మాట్లాడేవారు. ఉప్పుడబ్బా, దాని మూత, మిరియాల గిన్నె ముందు పెట్టుకుని, "ఇదిగో, ఇలా తిరుగుతుందన్నమాట, ఇక్కడ పీలుస్తుంది, ఇక్కడ నొక్కుతుంది, ఇక్కడ మండుతుంది, అన్నీ ఒకేసారి!" అని నాకు చూపించేవారు. నేను ఊఁ కొడుతూ, తమ్ముడు ఎంత తిన్నాడా అని చూసేదాన్ని.

*

ఇంజను బిగించే ముందు రోజు నాకు కొత్త భయం పట్టుకుంది. నేనేదో ఇక్కడే మొరాయించి ఊరుకుంటుందనుకున్నాను. కొండ దాకా బాగానే వెళ్ళి, ఏ ఏడో మలుపులోనో విరిగితే? ఆ ఆలోచన రాగానే కుట్టు పక్కన పడేశాను. ఆయన పెరట్లో కుళాయి కింద చేతులు తోముకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఏవండీ, ఆ ఎక్స్‌రే అచ్చు. నేను గీత బయట కోశాను. బియ్యపుగింజంత."

ఆయన తోముకుంటూనే ఉన్నారు. "తెలుసు."

"తెలుసా?"

"మొదటి ప్లేటు కడిగాక కొలిచాను. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది."

"మరి రెండోది కూడా అలాగే కోశారేం?"

ఆయన కుళాయి కట్టేశారు. "ఎలా ఉంటుందో చూద్దామని. అంత నోరు తెరిస్తే ఎలా మోగుతుందోనని."

"పాడైపోతుందని తెలిసి కూడానా?"

"ఇరవై ఆరేళ్ళుగా గీత లోపలే కోస్తున్నానే. ఒక్క కడ్డీ తిరిగి రాలేదు. ఒక్క దాని చప్పుడు కూడా నేను వినలేదు."

నా తప్పు తన మీద వేసుకోవడానికి అలా అంటున్నారనుకున్నాను. ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు వినే తెలివి ఆ రోజు నాకు లేదు.

"వాడికి చెప్పకు," అన్నారు. "దీంతో వాణ్ణి కొండ మీదికి పంపను, ఒట్టు. ఇక్కడే, నేల మీదే ఒక్కసారి మోగిద్దాం."

*

పెరట్లో రేకుల కింద ఇనప చట్రం చేసి, ఇంజనుని దానికి బిగించారు. పెట్రోలు సీసా ఒకటి పైన వేలాడదీశారు. రేడియేటరుని ఇటుకల మీద నిలబెట్టారు. తమ్ముడు బ్యాటరీ తీగలు తగిలించాడు. మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి అంటుకుంది.

మొదట బుగబుగా తెల్లపొగ. తర్వాత ఉండీ ఉడిగీ కొట్టుకోవడం, ఎక్కిళ్ళు వచ్చిన మనిషిలా. అప్పుడు ఆయన వంగి, గాలి మూత తెరిచారు.

ఆ చప్పుడు ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. కారు చప్పుడు కాదు అది. ఒక పెద్ద గుడ్డని ఈ చివర్నుంచి ఆ చివరికి చింపుతుంటే, ఆ గుడ్డ ఎప్పటికీ అయిపోకపోతే, అలా ఉంటుంది. వంటింట్లో గిన్నెలు కదిలాయి. పక్కింటి వదిన గొడుగేసుకుని వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తమ్ముడు గంతులేస్తున్నాడు. నేను చెవులు మూసుకున్నాను. ఆయన మూసుకోలేదు. ఇంజను పక్కనే, చేతులు జారవిడిచి, తల కొంచెం వాల్చి, ఎవరో తన పేరు పెట్టి పిలుస్తుంటే వింటున్నట్టు నిలబడ్డారు.

హాల్లో గడియారం చూశాను. పదకొండు నిమిషాలు నడిచింది. ఆ తర్వాత టక్కుమని చిన్న శబ్దం, గాజు ముక్క విరిగినట్టు. ఒక పక్క చచ్చిపోయింది. రెండో పక్క కాసేపు ఈడ్చుకుని ఆగిపోయింది.

విప్పి చూస్తే సీలు విరిగి ఉంది, నోటుబుక్కులో రాసినట్టే. తమ్ముడు తడి నేల మీదే కూలబడ్డాడు.

"మూడు వారాలే ఉంది బావా. అయిపోయింది."

"అయిపోలేదురా," అన్నారాయన. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇరవై రెండేళ్ళలో ఆ వెలుగు నేను చూడలేదు, మా పెళ్ళిరోజున కూడా. "ఓడలొచ్చే ఊళ్ళో పాత కార్లు విప్పే యార్డు ఉందట. ఇలాంటి ఇంజన్లు గుట్టలుగా పడుంటాయట. రెండు ప్లేట్లు తీసుకొస్తాను."

"నేను వెళ్తాలే బావా."

"నీకు ప్లేటు చూడ్డం వచ్చా? వంగిపోయింది అంటగడతాడు వాడు. నువ్వు రొట్టెలు పంచుకో."

నాకు ప్రాణం కుదుటపడింది. పద్నాలుగు గంటల బస్సు ప్రయాణం, వానలో. వెళ్ళేది తమ్ముడు కాదు, అంతే చాలనుకున్నాను. ఆయన గురించి నేనెప్పుడూ భయపడలేదు. ఫ్యాక్టరీకి వెళ్ళేవారు, ఇంటికి వచ్చేవారు. భయపడడానికి అక్కడేముంది?

అలా ఆ సంచి అటక దిగింది. మర్నాడు పొద్దున్నే బస్టాండు దాకా వెళ్ళాను. బస్సు మెట్టు మీద నిలబడి, "వెనక గది కిటికీ మూసెయ్, జల్లు కొడుతుంది" అన్నారు. బస్సు కదిలాక చెయ్యి ఊపారు. అంతకుముందు ఆయన చెయ్యి ఊపడం చూడలేదు. ఎక్కడికైనా వెళితే కదా.

*

తొమ్మిదో రోజున లారీ ఆఫీసు నుంచి చెక్కపెట్టె వచ్చింది. తమ్ముడు మేకులు ఊడబెరికాడు. నూనె కాగితంలో రెండు ప్లేట్లు. కిటికీలు అప్పటికే పెద్దవి చేసి ఉన్నాయి. తమ్ముడు నోటుబుక్కు బొమ్మని వాటి మీద పరిచి చూశాడు. గీతకి వెంట్రుకవాసి లోపల ఆగి ఉంది, చుట్టూరా.

"అద్దంలా ఉందక్కా. అక్కడే కూచుని చేసినట్టున్నాడు. చూడు!"

నేను చూస్తున్నది వేరే. ప్లేట్ల మధ్య ఒరుసుకోకుండా గుడ్డముక్క మడిచి పెట్టారు. నేను వెర్నియరు చుట్టిన చీరముక్క. దాని మడతలో ఇంటి తాళంచెవి ఉంది.

చీటీ కూడా ఉంది. పైకి చదివాను. "ప్లేట్లు పంపుతున్నాను. గీత లోపలే ఉన్నాయి. వాణ్ణి తొందరపడకుండా బిగించమను. ఈ యార్డు ఆయన ఇంకో మూడు ఇంజన్లు చూపించాడు. అవి అయ్యాక వస్తాను. కిటికీ మూశావా?"

"మూడే కదా," అన్నాడు తమ్ముడు. "తాళంచెవి ఎందుకు పంపాడక్కా?"

"సముద్రపు గాలికి తుప్పు పడుతుందని పంపుంటారు," అన్నాను. తీసి మేకుకి తగిలించాను, ఎక్స్‌రే అచ్చు పక్కన.

తమ్ముడు ప్లేట్లు బిగించలేదు. బావ లేకుండా చెయ్యి పెట్టనన్నాడు. సెప్టెంబరు రెండో ఆదివారం, పందెం రోజున, వాడు కొండకి వెళ్ళలేదు. బావని తీసుకురావడానికి బస్సెక్కాడు. నేను సంచిలో మళ్ళీ ఆ తాళంచెవే వేశాను. నాలుగో రోజున ఒక్కడే వచ్చాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, నీళ్ళడిగాడు.

"ఎలా ఉన్నారు?"

"చిక్కాడు. బాగానే ఉన్నాడు. మొహమంతా మసి. అక్కడందరూ ఆయన చుట్టూ చేరుతున్నారక్కా, ఈయనేమో నవ్వుతున్నాడు. చెయ్యి పట్టుకుని ఇంజన్లన్నీ చూపించాడు."

"మూడూ అయ్యాయా?"

"ఇంకో ఏడు వచ్చాయట."

"నా గురించి ఏమన్నా అడిగారా?"

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "అడిగాడు. కళ్ళు నొప్పెడుతున్నాయా, సాయంత్రాలు కుట్టొద్దని చెప్పమన్నాడు." తర్వాత, "నేను ఆ కారు తేకుండా ఉండాల్సింది కదక్కా?" అన్నాడు.

"నువ్వు కారే తెచ్చావురా," అన్నాను. మిగతాది వాడికి చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాక్టరీవాళ్ళు మూడుసార్లు కబురు పెట్టి ఊరుకున్నారు. వానలు తగ్గాక తమ్ముడు కారుని తుక్కువాడికి ఇచ్చేశాడు. ప్లేట్లు ఇవ్వనివ్వలేదు నేను. గుడ్డ పరిచి కోసేటప్పుడు జరక్కుండా బరువుకి పెట్టుకుంటాను. రోజూ తుడుస్తాను, తుప్పు పట్టలేదు.

తమ్ముడికిప్పుడు అరవై ఏళ్ళు. ఏ పందేనికీ వెళ్ళలేదు. ఇది రాస్తుంటే హాల్లో మనవరాలికి లెక్కలు చెబుతున్నాడు, ఆ పిల్ల కంటే ఎక్కువ అరుస్తూ. నాకు డెబ్బై ఎనిమిది. ఆయన వెళ్ళింది ఆగస్టు పదిహేడు, బుధవారం, పొద్దున్న ఆరున్నర బస్సుకి. మళ్ళీ రాలేదు.